మూడు తొట్ల తుంగ

విజయనగరం,
12 జూన్ 2024.

స్వర్ణకి,

మీ బెన్హర్ బావ రాస్తున్నాను. క్షేమంగా ఇల్లు చేరాను. నేను చేరడం పెద్ద విశేషం కాదులే, నువ్వు తడిగోనెలో చుట్టి ఇచ్చిన తుంగ దుంపలు కూడా క్షేమంగా చేరాయి, ఆ మాట చెబుదామని ఈ ఉత్తరం. నౌపడాలో బండెక్కిన దగ్గర్నుంచీ గోనె నా ఒళ్ళోనే ఉంది. చీపురుపల్లి దాటాక టీసీ వచ్చి ఏదో అడిగాడు. చెవి చూపించి వినపడదన్నాను. గోనె వైపు వేలు పెట్టాడు. విప్పి చూపించాను. లోపల బురదా, దుంపలూ. నన్ను ఎగాదిగా చూసి, టికెట్టు కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు.

మీ అక్క పోయి రెండేళ్ళయిందని నువ్వు ఊళ్ళో ప్రార్థన పెట్టించి నన్ను పిలవడం మంచిదయింది. ఎలీసమ్మ పేరు నలుగురి పెదాల మీదా చూశాను. ఇక్కడ ఆ పేరు పలికేవాళ్ళు లేరు.

ఫోను చెయ్యమన్నావు. చేసి లాభమేమిటి? ముప్ఫై నాలుగేళ్ళు జూట్ మిల్లు మగ్గాల మధ్య నిలబడ్డ చెవులివి. చెవికి మిషను పెట్టుకుంటే ఈల వేస్తుంది గాని మాట రాదు. నీదా, అంకెలు నొక్కే ఫోను. అందుకని ఉత్తరమే గతి.

నేనుండే మేడ మీద ఇల్లుగలవాళ్ళు గులాబీలకి కట్టించుకున్న సిమెంటు తొట్లు మూడున్నాయి. గులాబీలు ఎప్పుడో పోయాయి. కింద ఉండే అనూరాధమ్మ, ఇల్లుగలావిడ, వాడుకోమంది. మా పెళ్ళికి మీ అమ్మ నేసి ఇచ్చిన చాప మీదే ఇంకా పడుకుంటున్నాను. నా వైపు చిరిగిపోయింది. మీ అక్క వైపు బాగానే ఉంది. అదే తుంగతో ఇంకో చాప కావాలని నా కోరిక. ఎలా పెంచాలో విడమర్చి రాయి. మిల్లు మనిషిని, రాసి ఇస్తే రాసినట్టు చేస్తాను.

మీ బావ,
బెన్హర్


గొల్లగెడ్డ, భావనపాడు దారి,
21 జూన్ 2024.

బావా,

వందనాలు. నీ ఉత్తరం చదివి టీసీని తలుచుకుని నవ్వుకున్నాను. ఒక్కదాన్నే నవ్వుకుంటే గోడకి ఆనుకున్న పిల్లి లేచి వెళ్ళిపోయింది.

తుంగ పెంచడం నేర్పమన్నావు. నాకెవరూ నేర్పలేదు బావా, నేర్పడం చేతకానిదాన్ని అడిగావు. తొట్టికి సగం చెరువు మన్ను పోయి. గుప్పెడు పశువుల గెత్తం కలుపు. దుంపలు జానెడు ఎడంతో నాటి, బురద అదుము. ఎండ బాగా పడాలి. నీళ్ళు ఎప్పుడూ నిండుగా ఉండాలి, అది మర్చిపోకు. నెల వరకూ అస్తమానూ పెరికి చూడకు. నీ బుద్ధి నాకు తెలుసు, అక్క చెప్పేది, అన్నం ఉడికిందా లేదా అని పదిసార్లు మూత తీసేవాడివట.

దీనికి చీడ లేదు, జబ్బు లేదు, మేక కూడా ముట్టదు. వేసవిలో మా మడి బీటలు తీసినా దుంప లోపల బతికే ఉంటుంది. అంత మొండిది. కాని ఒక్క మాట. గెడ్డ పక్కన ఎక్కడబడితే అక్కడ పుట్టే బొద్దు తుంగ కాదు ఇది. ఆ తుంగ మూడు పలకలుగా ఉంటుంది, వంచితే విరుగుతుంది. ఇది సన్నం, గుండ్రం, వేలికి చుట్టినా ఊరుకుంటుంది. అమ్మ తన కన్నవారింటి నుంచి చీర కొంగులో కట్టి తెచ్చుకుంది. అందుకే ఊళ్ళో దీన్ని అమ్మ తుంగ అంటారు. అక్కడి మడులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు మా పల్లంలో అయిదుగురు ఆడవాళ్ళ మడుల్లోనే మిగిలింది. జాగ్రత్త.

మూడు తొట్ల తుంగతో నీకు చాప రాదు. పిల్లి పడుకునేంత వస్తుంది. మిగతా తుంగ నేను కలిపి నేస్తానులే.

నువ్వున్న మూడు రోజులూ అరిచి అరిచి నా గొంతు పోయింది. నువ్వెళ్ళాక గొంతు బాగుపడింది గాని మాట్లాడ్డానికి మనిషి లేడు.

నీ మరదలు,
స్వర్ణ


విజయనగరం,
28 జూలై 2024.

స్వర్ణకి,

మొలిచింది! నడిమి తొట్టిలో ముందు. ఈ నెల మొదట్లోనే సూదుల్లాంటివి పదకొండు లేచాయి. నువ్వు పెరికి చూడకన్నావు గనక పెరకలేదు, వంగి చూశాను. మిల్లు నుంచి తెచ్చుకున్న టేపుతో రోజూ పొద్దున్న కొలుస్తున్నాను. నిన్నటికి ఎడమ తొట్టి పదిహేడు అంగుళాలు, నడిమిది ఇరవై, కుడిది పద్నాలుగు. కుడి తొట్టి మీద మధ్యాహ్నం నీళ్ళ టాంకు నీడ పడుతోంది. టాంకు జరపమని అనూరాధమ్మని అడగలేను గదా.

ఆవిడ మంచిది. నాతో మాట్లాడ్డానికి ఒక పలక కొంది. సుద్దతో రాస్తుంది. 'కూర కావాలా', 'కరెంటు ఉండదు', అలాంటివి. మీ అక్క పెదాలు చూస్తే నాకు మాట తెలిసిపోయేది స్వర్ణా. మిల్లులో దూరం నుంచి ఒకరి పెదాలొకరు చదవడం మాకందరికీ అలవాటే గాని, మీ అక్కవి చదవనక్కర్లేకుండానే తెలిసేవి. మిగతావాళ్ళవి ఇప్పుడు పట్టుబడటం లేదు. కళ్ళు కూడా తగ్గాయేమో.

పొద్దున్న తొట్ల దగ్గర గంట గడుస్తోంది. అదివరకు ఆ గంట గడవడం చాలా కష్టంగా ఉండేది. నీకు ఈ కొలతలన్నీ విసుగేమో, అయినా రాస్తున్నాను.

బెన్హర్ బావ


గొల్లగెడ్డ,
10 ఆగస్టు 2024.

బావా,

విసుగా? నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి గురమ్మకి చదివి వినిపించవలసి వచ్చింది. పక్క మడి గురమ్మ, నీకు తెలుసు, నువ్వొచ్చినప్పుడు చేపల పులుసు పంపింది.

"ఏటే స్వర్ణా, మీ బావ ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తన్నాడు. ఏటి రాస్తాడే అంతేసి?" అంది.

"తుంగ ఎంత పెరిగిందో రాస్తన్నాడు."

"తుంగేటి! ఎవులికి సెప్తావే ఆ కబుర్లు?"

సరే వినుకో అని మొత్తం చదివాను. ఎడమ తొట్టి పదిహేడు, కుడి తొట్టి పద్నాలుగు. గురమ్మ గుమ్మం మీద కూలబడి చివరిదాకా విని, "నిజిమే, తుంగే. పాపం" అని వెళ్ళిపోయింది. ఆ పాపం నీకో నాకో తెలియలేదు.

కొసన పూత గోధుమ రంగుకి తిరిగితే కోతకొచ్చినట్టు. మొదలంటా కోయి, జానెడు కూడా వదలకు, ఎంత పొడుగుంటే చాపకి అంత అందం. పచ్చిగా ఉన్నప్పుడే నిలువునా చీల్చి ఎండలో పరుచు. వాన తగలనివ్వకు, నల్లబడుతుంది.

మొదటి కోత ఎవరికీ ఇవ్వకూడదు. అమ్మ పెట్టిన పద్ధతి. ఆ చాప చర్చిలో పరుస్తాం. నీది ఎలాగూ పిల్లి చాప గనక పాస్టరు గారి కాళ్ళకింద వేద్దాం.

స్వర్ణ


విజయనగరం,
15 సెప్టెంబరు 2024.

స్వర్ణకి,

కోశాను. నాలుగడుగుల మూడంగుళాలు, నడిమి తొట్టిలోని పొడుగాటిది. నువ్వు చెప్పినట్టే మొదలంటా. కొడవలి లేదు, పాత బ్లేడు సానబెట్టి చెక్క పిడి బిగించాను. చీలుస్తుంటే ఆ పచ్చి వాసన వచ్చింది చూడు, పెళ్ళయిన కొత్తలో మీ ఇంటి వాకిట్లో ఉండే వాసన.

మేడంతా పరిచాను. అనూరాధమ్మ వచ్చి పలక మీద 'ఏమిటిది' అని రాసింది. 'చాప' అని రాశాను. మేడ చుట్టూ చూసి 'ఎక్కడ' అని రాసింది.

ఎండాక మూడు పిడికిళ్ళయింది. నువ్వన్న పిల్లి బక్క పిల్లి అయితే సరిపోతుంది. పార్సిలు చేస్తున్నాను.

బావ


గొల్లగెడ్డ,
26 సెప్టెంబరు 2024.

బావా,

పార్సిలు అందింది. మెత్తగా ఆరింది, రంగు బాగుంది. మగ్గాల చెయ్యి గదా, చీలిక సమంగా వచ్చింది. గురమ్మకి చూపిస్తే నమ్మలేదు. "మగోడు సీరిందేటి ఇది?" అంటాది.

పదిరోజుల్లో కొత్త పిలకలేస్తాయి. ఈసారి మొదటిసారి కన్నా చిక్కగా వస్తాయి, చూడు.

నీ ఉత్తరాలన్నీ బైబిలు పక్కన అలమరలో పెట్టాను. నాకు ఎవరు రాస్తారు బావా? ఓటరు కార్డు వాళ్ళు తప్ప నా పేరుతో కాగితం పంపినవాళ్ళు లేరు. తుంగ పుణ్యమా అని వస్తున్నాయి. తుంగ ఉన్నన్నాళ్ళూ నీ దగ్గర్నుంచి ఉత్తరం వస్తుందని ధైర్యంగా ఉన్నాను.

స్వర్ణ


(ఇది పోస్టు చెయ్యలేదు)

విజయనగరం,
8 అక్టోబరు 2024.

స్వర్ణా,

తుంగ చచ్చిపోయింది.

పదిరోజులన్నావు. కోసిన దగ్గర్నుంచీ నెల రోజులు చూశాను. నీళ్ళు నిండుగా ఉంచమన్నావు గదా, కోసినరోజే మూడు తొట్లూ అంచుదాకా నింపాను. ఆ పైన వానలు. మొదలంటా కోసిన మోళ్ళు నీళ్ళ అడుగున ఉండిపోయాయి. నీళ్ళు వాసన వేస్తున్నాయి. ఈరోజు చెయ్యి పెట్టి తీశాను. దుంప పట్టుకుంటే నల్లగా, పులిసిన గుజ్జులా చేతికొచ్చింది. మూడు తొట్లూ అంతే. ఒక్క గట్టి దుంప కూడా లేదు.

మొండిదన్నావు. మొండిదాన్ని కూడా నేను చంపగలిగాను. ఎక్కడ తప్పు చేశానో తెలియడం లేదు. నువ్వు చెప్పినవన్నీ చేశాను. మీ అమ్మ కొంగులో కట్టుకొచ్చినది నా చేతిలో నాలుగు నెలలు ఉండలేదు. ఇంకేం


విజయనగరం,
9 అక్టోబరు 2024.

స్వర్ణకి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. తుంగ బాగానే ఉంది. నువ్వన్నట్టే చిక్కగా వస్తోంది. ఎడమది ఆరంగుళాలు, నడిమిది ఎనిమిది, కుడిది అయిదు.

నువ్వు రాస్తూ ఉండు.

బావ


గొల్లగెడ్డ,
2 నవంబరు 2024.

బావా,

నేను బతికే ఉన్నాను. ఇంటిమీద రేకులు రెండు ఎగిరిపోయాయి గాని గోడలు నిలబడ్డాయి. తుఫాను రోజు అందరం స్కూల్లో ఉన్నాం. టీవీలో చూసి కంగారుపడి ఉంటావు.

గాలి మమ్మల్నేమీ చెయ్యలేదు. సముద్రం చేసింది. ఉప్పుటేరు ఎదురు తిరిగి పల్లంలోకి వచ్చింది. ఎప్పుడు వచ్చినా మర్నాటికి తీసేది. ఈసారి గట్టు తెగి, ఇసుక పూడుకుపోయి, ఉప్పునీళ్ళు తొమ్మిది రోజులు మడుల్లోనే నిలబడిపోయాయి. తుంగ అంతా కాలినట్టు ఎర్రబడిపోయింది. దుంపలు తవ్వి చూశాను. నా మడీ, గురమ్మదీ, మిగతా ముగ్గురివీ, ఎక్కడా పచ్చి దుంప లేదు. గురమ్మ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. "మీయమ్మ ఉంటే గుండాగి సచ్చిపోద్దే" అంది.

నేను ఏడవలేదు. ఎందుకో తెలుసా? నీ దగ్గర మూడు తొట్లున్నాయి. ఆ మాట గట్టుమీదే చెప్పాను. "మా బావ మేడ మీద ఉన్నాది, సచ్చిపోనేదు" అన్నాను. గురమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. గుర్తుందా, నీ ఉత్తరం విని పాపం అన్న మనిషి! వానలకి మడి ఉప్పు కడిగిపోగానే నీ దుంపలు తెచ్చి నాటుతాం. ఒక్క తొట్టి దుంపలుంటే చాలు, రెండేళ్ళలో పల్లమంతా పాకించేస్తాను.

నువ్వు ఆ దుంపలు అడిగిన రోజు లోపల నవ్వుకున్నాను బావా. ఈ వయసులో ఈయనకి తుంగేమిటని. దేవుడే అడిగించాడు.

స్వర్ణ


విజయనగరం,
11 నవంబరు 2024.

స్వర్ణకి,

నువ్వు క్షేమమని చదివి స్తోత్రం చెప్పుకున్నాను. టీవీలో చూస్తూనే ఉన్నాను, బొమ్మలే గదా నాకు, ఏ ఊరో తెలియలేదు.

దుంపలకి తొందరేముంది? ఇప్పుడు తీస్తే చలికి తట్టుకుంటాయో లేదో. మడి బాగా కడగనీ. ఈలోగా వేరే ఊళ్ళో ఎక్కడైనా దొరుకుతుందేమో కూడా కనుక్కో. ఒక్క నా మీదే ఆధారపడటం మంచిది కాదు, ముసలివాణ్ణి.

బావ


గొల్లగెడ్డ,
29 నవంబరు 2024.

బావా,

ఎంత మర్యాదయ్యా నీకు! ముసలివాణ్ణని నువ్వే దుంపలు మోసుకురానక్కర్లేదు. నేనే వస్తాను. డిసెంబరు పద్ధెనిమిది, బుధవారం. పొద్దున్న బండికి ఎక్కి సాయంత్రం బండికి తిరిగొచ్చేస్తాను. నాలుగు గోనెలు తడిపి పెట్టుకున్నాను.

వేరే ఊళ్ళో చూడమన్నావు. మెళియాపుట్టి వైపు బొద్దు తుంగ దుంపలు ఇస్తామని కబురొచ్చింది. గురమ్మా వాళ్ళూ వెళ్దామనుకున్నారు. నేనే ఆపాను. మడిలో ఒకసారి బొద్దు తుంగ పడితే ఇంక సన్నది ఎదగదు. నా మాట మీద నలుగురూ మడులు ఖాళీగా ఉంచుకున్నారు. అమ్మ తుంగ వస్తాది, ఆగండి అన్నాను.

నిజం చెప్పనా? తుంగ కోసమే అయితే ఎవరినైనా పంపుదును. అక్క ఇల్లు చూసి కూడా చాలా రోజులైంది.

స్వర్ణ


విజయనగరం,
13 డిసెంబరు 2024.

స్వర్ణా,

నువ్వు రావద్దు. ఇది చదివాక నీకూ రావాలని ఉండదు.

తుంగ అక్టోబరులోనే చచ్చిపోయింది. అప్పుడు రాసి పోస్టు చెయ్యని కాగితం ఇందులో పెట్టాను. ఆ తరవాత నేను రాసిన అంగుళాలన్నీ అబద్ధం. టేపు తీసి కొలవడానికి అక్కడేమీ లేదు.

ఎందుకు చేశానని అడుగుతావు. తుంగ ఉన్నన్నాళ్ళూ ఉత్తరం వస్తుందని నువ్వు రాశావు. తుంగ లేదంటే ఇంక నువ్వేం రాస్తావు అనుకున్నాను. పోస్టుమేను మెట్లెక్కుతుంటే గచ్చు అదురుతుంది, నా కాళ్ళకి తెలుస్తుంది. ఆ అదురు కోసం ఉంటున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను.

తుఫాను తరవాతైనా చెప్పవలసింది. నువ్వు ఏడవలేదని రాశావు. నిన్ను ఏడిపించడానికి నా చెయ్యి ఆడలేదు. ఊరంతా తిరిగాను. చెరువుల గట్లమ్మటా, కాలవలమ్మటా వెతికాను. దొరికినదల్లా బొద్దు తుంగే. చివరికి అదే తెచ్చి తొట్లలో నాటాను. నిన్ను మోసం చెయ్యాలనే నాటాను స్వర్ణా, ఇంకో మాట లేదు. మొన్న ఒక కాడ పట్టుకుంటే మూడు పలకలూ వేళ్ళకి గుచ్చుకున్నట్టయింది. నీ వేళ్ళు దాన్ని ముట్టుకునేదాకా ఆగలేకపోయాను.

అనూరాధమ్మ చేత ఫోను చేయించవచ్చు. ఈ మాట ఇంకొకరి నోటితో చెప్పించలేను. పద్ధెనిమిదికి అయిదు రోజులుంది, అందుతుంది.

గురమ్మకీ మిగతా వాళ్ళకీ నా తప్పని చెప్పు.

బెన్హర్


విజయనగరం,
27 డిసెంబరు 2024.

స్వర్ణకి,

నువ్వు రాలేదు గనక నా ఉత్తరం అందిందని అర్థమైంది. జవాబు రాయలేదు గనక నీ మనసూ అర్థమైంది. నేను అడగను.

క్రిస్మస్ నాడు చర్చికి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. అనూరాధమ్మ కేకు తెచ్చి ఇచ్చి, 'మీ మరదలు బాగున్నారా' అని పలక మీద రాసింది. ఆవిడకి నీ సంగతి ఎలా గుర్తొచ్చిందో. బాగుందని రాశాను.

బావ


గొల్లగెడ్డ,
8 జనవరి 2025.

బావా,

నేను వచ్చాను.

నువ్వు శుక్రవారం వేసిన ఉత్తరం నాకు తరవాతి గురువారం అందింది. బుధవారం నేను నాలుగు తడిగోనెలు సంచిలో పెట్టుకుని నీ ఇంటికి వచ్చాను. కింద గేటు దగ్గర అనూరాధమ్మ కనపడి, "పైకెళ్ళమ్మా, ఆయనకు వినపడదు, భుజం తట్టాలి" అంది. అందుకే క్రిస్మస్ నాడు నిన్ను నా సంగతి అడిగింది.

ముందు తొట్ల దగ్గరికే వెళ్ళాను. దూరం నుంచి పచ్చగా కనపడితే ప్రాణం లేచొచ్చింది. ముట్టుకున్నాను. ఇంక నీకు చెప్పక్కర్లేదు. మూడు తొట్లలోనూ ఒక్కొక్క కాడా పట్టుకుని చూశాను, ఎక్కడైనా ఒక్కటైనా ఉంటుందని.

తరవాత నీ తలుపు కొట్టాను. లోపల గడియ పెట్టి ఉంది. రెండు చేతులతో బాదాను. పక్కింటివాళ్ళు కిటికీలు తీశారు గాని నువ్వు తియ్యలేదు. నీ కిటికీ దగ్గరికి వచ్చాను. నువ్వు గోడ వైపు తిరిగి బల్ల మీద ఏదో రాస్తున్నావు. నీ వీపు కనపడుతోంది. చొక్కా భుజం దగ్గర కుట్టు విడిపోయింది. చువ్వల్లోంచి చెయ్యి పెడితే నీ భుజం అందుతుంది. చెయ్యి పెట్టాను కూడా. ఇంకో అబద్ధం రాస్తున్నావనుకున్నాను. చెయ్యి తీసేసి మెట్లు దిగిపోయాను.

బండిలో ఏడ్చాను. పొందూరు దగ్గర ఒకావిడ నీళ్ళ సీసా ఇచ్చి, "ఎవులు పోయారమ్మా?" అంది. తుంగ పోయింది అంటే నవ్వుతుందని, మా అమ్మ అన్నాను. అమ్మ పోయి పంతొమ్మిదేళ్ళయింది. ఆరోజే పోయినట్టుంది నాకు.

మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. పోస్టు చెయ్యని ఆ కాగితం కూడా చదివాను. నేను ఒకటి చెప్పాలి. మడిలో తుంగ కోసే ముందు మేం గట్టుకి గండి కొట్టి నీళ్ళు దించేస్తాం. మోళ్ళు నీళ్ళ పైన ఉండాలి. కోసిన కాడలోంచే దుంప ఊపిరి తీసుకుంటుంది. పిలకలు జానెడు లేచాకే మళ్ళీ నీళ్ళు పెడతాం. ఇది నీకు రాయలేదు. రాయాలని తట్టలేదు బావా. మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పరు, చేతులు చేసుకుపోతాయి. నిండుగా ఉంచమన్నదీ, మొదలంటా కొయ్యమన్నదీ నేనే. నువ్వు రాసినట్టే చేశావు. తుంగ చావడంలో తప్పు నాది.

అబద్ధం మాత్రం నీది. అది నేను మోయను. అక్టోబరులోనే చెప్పి ఉంటే నా మడి అప్పటికి పచ్చగా ఉంది. నాలుగు దుంపలు మళ్ళీ పంపేదాన్ని. నీళ్ళ సంగతి రాసేదాన్ని. తుఫానుకి అవి నీ మేడ మీద బతికి ఉండేవి. ఇది తలుచుకుంటే నీ మీద ఎంత కోపం వస్తుందో రాయలేను.

నలుగురికీ చెప్పాను. తొట్లలో తుంగ చచ్చిపోయిందన్నాను. ఎప్పుడు చచ్చిందో చెప్పలేదు. గురమ్మ నాతో మాటలు మానేసింది. దాని వాకిలి ముందు నుంచి వెళ్తే లోపలికి పోతుంది. వాళ్ళు బొద్దు తుంగ తెచ్చి నాటుకున్నారు. నేను పలాస జీడిపిక్కల పనికి పోతున్నాను. జీడి అంటి వేళ్ళు నల్లబడ్డాయి. అమ్మ తుంగ ఇంక ఎక్కడా లేదు.

తుంగ లేకపోతే నేను రాయనని నువ్వే అనుకున్నావు. నేనన్నది వేరు. నువ్వు రాయడం మానేస్తావేమోనని భయపడి, ఆ భయం చెప్పలేక అలా రాశాను. పదిహేడు అంగుళాలూ పద్నాలుగు అంగుళాలూ ఎవరికి కావాలి? ఒక్కణ్ణే ఉండలేకపోతున్నాను స్వర్ణా, రెండు ముక్కలు రాయి అని రాస్తే నేను రాయనా?

జవాబు రాస్తే రాయి. నేను నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు. ఇంకా లేదు.

స్వర్ణ


విజయనగరం,
17 జనవరి 2025.

స్వర్ణా,

ఆ బుధవారం రాస్తున్నది నీకే. తేదీ వేసి, నీ పేరు రాసి, ఆ పైన ఏం రాయాలో తెలియక మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాను. ఆ కాగితం ఇంకా బల్ల మీదే ఉంది.

తొట్లు బోర్లించేశాను. ఈ ఉత్తరంలో కొలతలు లేవు. చెప్పడానికి విశేషాలు కూడా లేవు. పొద్దున్న లేచి గంజి తాగాను. మధ్యాహ్నం అన్నం వండాను, మూత చాలాసార్లు తీశాను. చొక్కా భుజం కుట్టుకున్నాను. రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక్కణ్ణే ఉండలేకపోతున్నాను. రెండు ముక్కలు రాయి.

తలుపుకి గడియ పెట్టడం మానేశాను.

బెన్హర్ బావ